ఆపరేషన్‌కి ముందు పదకొండు పాటలు

ఇంట్లో గది తలుపులు మూసుకుని పాటలు రికార్డు చేసుకునే పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తూనే ఉంటారు. మైకులో గుయ్యిమంటోందని ఒకరు, గొంతు నూతిలోంచి వచ్చినట్టుందని ఒకరు, ‘ప’ అంటే చాలు ఢబ్బుమంటోందని ఇంకొకరు. పని మానేసి నాలుగేళ్ళు దాటినా నాకు తోచింది చెబుతాను. మైకు ఏ ముఖం మీ వైపు ఉందో చూడండి, లాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి, ఫ్యాను ఆపండి. చాలా జబ్బులు ఈ మూడింటితోనే కుదురుతాయి. కుదరనివాటికి వీడియో కాల్‌లో కళ్ళజోడు పెట్టుకుని మీ వైర్లన్నీ చూస్తాను. అవతల అన్నం చల్లారిపోతోందని మా ఆవిడ కేకలేస్తూ ఉంటుంది.

ఒక జబ్బు గురించి మాత్రం ఎవరూ అడగరు. అది మైకు ముందు నిలబడి పాడేవాళ్ళకి రాదు, వెనక కూర్చుని మీటలు నొక్కేవాళ్ళకి వస్తుంది. నాకు అది ముప్పై ఏళ్ళకు పైగా ఉంది, ఉన్నట్టు నాకే తెలియలేదు. కొల్లేటి పక్కన ఒక ఇంట్లో బయటపడింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నేను పనిచేసింది ఏలూరులో ఒక చిన్న స్టూడియోలో. కింద మందుల షాపు, పైన మేము. క్యాసెట్ల రోజుల్లో అక్కడ ఊపిరి సలిపేది కాదు. ద్వారకా తిరుమలలో అమ్మే స్వామి పాటలు, క్రిస్మస్ ముందు క్రైస్తవ గీతాలు, ఎన్నికలొస్తే ఆటోల మీద ఊదరగొట్టే పాటలు, అన్నీ ఆ ఒక్క గదిలోనే తయారయ్యేవి. నాకు పని నేర్పిన పెద్దాయనకి లోకంలో ఒకే ఒక్క శత్రువు. దాని పేరు బ్లాంకు. అంటే టేపు మీద పాట లేకుండా ఊరికే తిరిగే చోటు. ఆయన బ్లేడు పట్టుకుని, టేపుని ముందుకీ వెనక్కీ కదిలిస్తూ విని, ఆ ఖాళీని కోసేసి అంచులు అతికించేవారు. "ఊరికే తిరిగే టేపు దొంగతిండి తింటున్నట్టేరా" అనేవారు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా ఉంచేవారు కాదు. ఆయన చేతిలో పడితే శవం కూడా ఊపిరి బిగబట్టాల్సిందేనని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఆ విద్య నాకు బాగా అబ్బింది. కంప్యూటర్లు వచ్చాక బ్లేడు పోయింది గానీ చేతివాటం పోలేదు. నేను కోసిన చోట అతుకు ఎక్కడుందో పాడినవాళ్ళకే తెలిసేది కాదు. రాజమండ్రి నుంచి కూడా నా చేత కోయించుకోవడానికి వచ్చేవాళ్ళు. ఆ పేరు చూసుకుని నాకు కాస్త తలపొగరు ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు.

తర్వాత అందరి ఇళ్ళలోకీ మైకులొచ్చాయి. స్టూడియోకి రావడం మానేశారు. ఓనరు గారు తాళం వేశారు. పెద్దాయన అప్పటికే కాలం చేశారు. నేను సంచిలో నాలుగు వైర్లు, ఒక హెడ్‌ఫోను వేసుకుని ఇళ్ళకి వెళ్ళి మైకులు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. రోగి దగ్గరికి వెళ్ళే డాక్టరులా మర్యాద బాగానే ఉండేది. ఎక్కడికి వెళ్ళినా కాఫీ ఇచ్చేవారు.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం ఫోన్ వచ్చింది. తాడేపల్లిగూడెంలో నర్సుగా పనిచేసే ఒక అమ్మాయి. మా స్టూడియోలో చాలా ఏళ్ళు కీబోర్డు వాయించిన గూడెం మిత్రుడు నా నంబరు ఇచ్చాడట.

"సార్, మా అమ్మకి గొంతులో గడ్డండీ. వచ్చే బుధవారం ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఇంక మాట రాదండీ. ఈలోపు పాటలు రికార్డు చేద్దామని మైకు తెప్పించానండీ. నాలుగు రోజుల్నుంచీ తంటాలు పడుతున్నాం, ఒక్కటీ సరిగా రావట్లేదు. ఒకటే హోరు. అమ్మ గొంతు ఎక్కడో దూరంగా వినబడుతోందండీ."

"ఏం పాటలమ్మా?"

"చర్చి పాటలండీ. పాతవి, పదకొండున్నాయి. ఆ రాగాలు అమ్మకి తప్ప ఎవరికీ రావు. అమ్మ ఎత్తుకుంటేనే మా చర్చిలో పాట లేస్తుందండీ. అమ్మ తర్వాత వీటినే వేసుకుంటామని అయ్యగారు కూడా అన్నారు." అయ్యగారంటే వాళ్ళ పాస్టరు గారు.

అమ్మ ఎత్తుకుంటేనే పాట లేస్తుందన్న మాటని నేను కూతురి మురిపెం కింద జమకట్టాను. ఏ ఇంట్లోనైనా అలాగే అంటారు. బుధవారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయని మాత్రం మనసులో పడింది. మర్నాడు పొద్దున్నే ఏలూరులో బస్సెక్కి, కైకలూరు మీదుగా ఆకివీడు వెళ్ళాను. అక్కడి నుంచి కలిదిండి వైపు వెళ్ళే దారిలో, చెరువు గట్ల మధ్య ఉంది వాళ్ళ ఊరు.

ఆవిడ రిటైరైన టీచరు గారు. నేత చీర, మెడ చుట్టూ పల్చటి తువ్వాలు. గొంతులో జీర ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. ఊళ్ళో సగం మంది చేత అక్షరాలు దిద్దించారట. భర్త రొయ్యల చెరువు చూసుకుంటారు. ఆయన కూడా భార్యని "టీచరు గారూ" అనే పిలిచేవారు. మొదట వేళాకోళం అనుకున్నాను. కాసేపటికి కాదని తెలిసింది.

మైకుని చూడగానే నవ్వొచ్చింది. ఆ రకం మైకు ఒక పక్క నుంచే వింటుంది. కంపెనీ గుర్తు ఉన్న పక్కే దాని చెవి. ఆ గుర్తు కిటికీ వైపు తిరిగి ఉంది.

"నేనే అటు తిప్పానండీ. బొమ్మ మాకెందుకు, వచ్చేపోయేవాళ్ళకి కనబడుద్దని" అన్నారు భర్త.

అంటే నాలుగు రోజులుగా ఆ మైకు టీచరు గారికి వీపు పెట్టి, కిటికీలోంచి ఆయన చెరువు పాట వింటోంది. నేను ఆ మాట అంటే టీచరు గారు తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "నాలుగు రోజులు ఊరికే పోయాయాండీ" అన్నారు. ఆ ఇంట్లో ఎవరు ఎన్ని రోజులు లెక్కపెట్టుకుంటున్నారో నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత ఇంక హాస్యాలాడలేదు.

మిగతావి మామూలు రోగాలే. ఇంటికి ఎర్తు సరిగా లేక ఛార్జరు పెట్టగానే గుయ్యిమంటోంది. అది పీకేసి బ్యాటరీ మీద నడిపించాను. మైకు స్టాండు కింద బొంత నాలుగు మడతలు వేశాను. గోడలకి దుప్పట్లు కట్టాం. ప్రభువా అన్న మాట లేకుండా ఆ పాటల్లో చరణం నడవదు, అందులో మొదటి రెండు అక్షరాలూ మైకు మీద గాలి కొట్టేవే. అమ్మాయి కుట్లు వేసుకునే చట్రానికి పల్చటి చున్నీ బిగించి మైకు ముందు కట్టాను. అంతా అయ్యాక టీచరు గారి గొంతు పక్కన కూర్చుని పాడినంత దగ్గరగా వచ్చింది. అమ్మాయి హెడ్‌ఫోను పెట్టుకుని విని, తీసి తండ్రికి ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక్క హోరు మాత్రం మిగిలింది. అది కరెంటుది కాదు, ఏరియేటర్లది. చెరువు నీళ్ళలో చక్రాల్లా తిరుగుతూ నీటిలోకి గాలి ఎక్కించే మోటార్లు అవి. ఎండ కాస్తే పగలు ఆపుకోవచ్చు. ఆ రోజు ముసురు పట్టి ఉంది.

"ఇరవై నిమిషాలైతే ఆపగలనండీ. అంతకు మించితే రొయ్య పైకి తేలిపోద్ది. మళ్ళీ ఓ గంట తిప్పి, మళ్ళీ ఆపుతాను" అన్నారు భర్త.

అలాగే మొదలుపెట్టాం. ఆయన వెళ్ళి మోటార్లు ఆపి, గట్టు మీద నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండేవారు. కిటికీలోంచి ఆయన వీపు నాకు కనిపించేది. చెయ్యెత్తితే నేను ఆపాలి. ఆ ఇరవై నిమిషాల్లో ఎన్ని పాటలు అయితే అన్ని.

టీచరు గారు ఒక లైను పాడేవారు. ఆగేవారు. కళ్ళు మూసుకుని, మోకాలి మీద అరచేత్తో మెల్లగా తట్టుకుంటూ కాసేపు ఉండిపోయేవారు. మళ్ళీ తర్వాతి లైను. మళ్ళీ ఆగడం. ఒక్కోసారి నాలుగు తట్లు, ఒక్కోసారి ఏడెనిమిది. పాటంతా అంతే. గట్టు మీద ఆయన నీళ్ళు చూస్తున్నారు. నేను గడియారం చూస్తున్నాను. ఆవిడ ఆగినప్పుడల్లా ఎక్కడెక్కడి చప్పుళ్ళూ వినబడేవి. గోడ గడియారం, పక్క చెరువులో ఎవరివో మోటార్లు, దూరంగా చేపల లారీ. మైకు వెనక కూర్చున్నవాడికి అవి పంటి కింద రాళ్ళు.

రెండో పాట సగంలో ఉండబట్టలేక అన్నాను. "అమ్మా, ఆయాసం వస్తే చెప్పండి. కాసేపు ఆగుదాం."

"ఆయాసం కాదండీ. మీరు కానివ్వండి" అన్నారావిడ.

ఎంత పట్టుదల అనుకున్నాను. గడ్డ అడ్డుపడి లైనుకి ఒకసారి ఆగిపోతున్నా ఒప్పుకోవడం లేదని జాలిపడ్డాను. జాలి వేస్తే ఇంక వేరే ప్రశ్నలు అడగం కదా. అడగలేదు.

ఆ సాయంత్రానికి ఆరు పాటలయ్యాయి. "రేపు పొద్దున్న ఆరాధనకి రండి. అటునుంచి ఇంటికొచ్చి మిగతావి కానిద్దాం" అని టీచరు గారు పిలిచారు. నాకు వేరే పనుందని చెప్పి తప్పించుకున్నాను. పనేమీ లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా వెళ్ళాను. ఆ పొద్దున్న ఆ చర్చిలో వెనకాల అరగంట కూర్చుని ఉంటే ఇవాళ ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

పదకొండో పాట చీకటి పడేలోగా పూర్తయింది. టీచరు గారు చున్నీ కట్టిన చట్రాన్ని పక్కకి తోసి, మైకుని ఒకసారి వేలితో ముట్టుకున్నారు. "ఇంక మావాళ్ళకి ఇబ్బంది లేదండీ" అన్నారు. ఆవిడ గొంతుతో నాతో అన్న ఆఖరి మాట అదే.

ఇంటికొచ్చి రెండు రోజులు కూర్చున్నాను. ఒక్కో ఖాళీనీ వెతికి వెతికి కోశాను. గడియారం పోయింది, లారీ పోయింది, మోకాలి మీద చప్పుడు పోయింది. ఆవిడ పాట ఎక్కడా ఆగకుండా, నూనె పోసినట్టు సాఫీగా వచ్చింది. జబ్బు మనిషి పాడినట్టే లేదు. పెద్దాయన ఉంటే వీపు తట్టేవారని నాకు నేనే చెప్పుకున్నాను. కంప్యూటరులో చోటు చాలడం లేదని, పాత టేపు మీద కొత్త పాట ఎక్కించుకునే అలవాటు కొద్దీ, అసలు రికార్డింగు చెరిపేశాను. బుధవారం ఆస్పత్రిలో ఆపరేషన్ జరుగుతున్న పూటే పెన్‌డ్రైవు అమ్మాయికి అందేటట్టు పంపాను.

రెండు నెలల తర్వాత అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. అమ్మ కోలుకుందని, ఆదివారం చర్చికి వస్తోందని, ఆ రోజే పాటలు మొదటిసారి వేస్తారని చెప్పింది. అప్పటిదాకా ఎవరూ వినకుండా వాళ్ళ నాన్న పెన్‌డ్రైవు బీరువాలో పెట్టి తాళం వేశారట. "మీరు తప్పకుండా రావాలండీ. అయ్యగారు మీకు శాలువా కప్పుతారట" అంది. ఈసారి నాకు వేరే పని లేకపోయింది.

చిన్న చర్చి. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, చాపల మీద కూర్చున్నారు. ముసలివాళ్ళకి నాలుగు కుర్చీలు. టీచరు గారు ముందు వరసలో ఉన్నారు. మెడకి తెల్లటి గుడ్డ కట్టుకున్నారు. ఒళ్ళో బడిపిల్లల పలక ఉంది. ఇప్పుడు ఆవిడ మాట్లాడాలంటే దాని మీదే రాస్తారు. నన్ను చూసి చేతులు జోడించారు.

స్పీకరులోంచి ఆవిడ గొంతు లేచింది. ఆడవాళ్ళలో చాలామంది కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. మొదటి లైను అయింది. చర్చి మొత్తం ఒక్కసారి ఊపిరి తీసుకుని ఆ లైను అందుకుంది. వాళ్ళు రెండు మాటలు అనేసరికి స్పీకరులో ఆవిడ రెండో లైను మొదలుపెట్టేశారు. వాళ్ళు గభాలున ఆగారు. ఏదో పొరపాటనుకుని రెండో లైను తర్వాత మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ మూడో లైను వాళ్ళ మాటల మీద నుంచి నడుచుకుంటూ పోయింది. కొందరు ముందు లైను అంటున్నారు, కొందరు వెనక లైను. రెండో చరణానికి మగవాళ్ళు మానేశారు. రెండో పాటకి అందరూ నోళ్ళు మూసుకుని రేడియో వింటున్నట్టు కూర్చున్నారు.

ఆ చర్చిలో పాట అలా నడుస్తుందని నాకు అప్పుడు తెలిసింది. ముందు ఆవిడ ఒక లైను అందిస్తారు. దాన్ని వాళ్ళందరూ తిరిగి పాడతారు. చదువు రానివాళ్ళు, పుస్తకంలో అక్షరం ఆననివాళ్ళు ఉన్న చోట వాళ్ళ తాతల కాలం నుంచీ అదే పద్ధతి. నేను క్రైస్తవ పాటలు వందలు రికార్డు చేశాను. అన్నీ తబలాలు, వయొలిన్లు పెట్టి స్టూడియోలో చేసినవే. ఇలాంటి చర్చిలో ఒక్క ఆదివారం కూర్చోలేదు.

అయ్యగారు స్పీకరు ఆపించి ప్రార్థన మొదలుపెట్టారు. టీచరు గారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. కోపం లేదు. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి టీచరు చూసినట్టు, ఎక్కడ తప్పాడా అని చూశారు. తర్వాత పలక మీద గుండ్రటి అక్షరాలతో రాసి, అమ్మాయికిచ్చి నా దగ్గరికి పంపారు.

‘మావాళ్ళ వంతు ఏదండీ?’

శాలువా ఒక పళ్ళెంలో మడతపెట్టి ఉంది. దాన్ని ఎవరో తీసి లోపల పెట్టేశారు.

బయట చెప్పుల దగ్గర భర్త నన్ను ఆపారు. గొంతు పెంచలేదు. ఆ వైపు మనుషులు కోపంలో కూడా అండీ మానరు.

"ఏవండీ, మా టీచరు గారు ఆగిన చోట మీరెందుకు ఆగలేదండీ? ఆ ఆగిన వాటి కోసం కూడా నేను మోటార్లు ఆపానండీ. చెరువు పోతే పోయిందనుకుని గట్టు మీద నుంచున్నాను."

అసలు రికార్డింగు చెరిపేశానని కూడా అక్కడే చెప్పేశాను. దాచితే ఇంకా నీచంగా ఉండేది. ఆయన "మళ్ళీ పాడమందామంటే..." అని, పూర్తి చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి గూడెం మిత్రుడికి ఫోన్ చేశాను. వాడూ అలాంటి చర్చిలోనే పెరిగినవాడు. "నన్నొక్క మాట అడక్కపోయారాండీ. మా నాన్న అలాగే పాట అందించేవాడు. ఆయన ఆగితేనే కదా మేం పాడేది" అన్నాడు. ముప్పై ఏళ్ళు పక్కపక్కనే కూర్చుని పనిచేశాం. వాళ్ళ నాన్న పాడేవాడని నాకు తెలియదు. నేను అడిగిందీ లేదు.

మర్నాడు మళ్ళీ ఆకివీడు బస్సెక్కాను. తలుపు తీసింది టీచరు గారే. లాప్‌టాప్ తెరిచి, లైనుకీ లైనుకీ మధ్య మళ్ళీ ఖాళీలు పెడతానని చెప్పాను. ఆవిడ పలక తీసుకున్నారు.

‘ఎంత పెడతారు?’

"ఓ ఆరు సెకన్లు పెడితే సరిపోతుందాండీ?"

‘ఏ లైనుకి?’

ఆవిడ రాస్తూ, చెంగుతో చెరుపుతూ, మళ్ళీ రాస్తూ చెప్పుకొచ్చారు. పొడుగు లైనుకి ఒక లెక్క. రాగం పైకి వెళ్ళే చోట మగవాళ్ళు వెనకబడతారు. పల్లవి అందరికీ వచ్చు కాబట్టి గబగబా అనేస్తారు. చరణం మధ్యలో ముసలమ్మలు ఊపిరికి ఆగుతారు. ఆవిడ మోకాలి మీద తట్టుకున్నవి అవన్నీ. గదిలో మైకు ముందు ఒక్కరే కూర్చుని, ఆవిడ ఆ చర్చి మొత్తాన్ని మనసులో పాడించుకుంటూ ఉన్నారు. నేను అవతల ఆయాసం అనుకుంటున్నాను.

"పోనీ, మీరు చెబుతుంటే నేను గడియారం పెట్టుకుని రాసుకుంటానండీ" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపి రాశారు. ‘గడియారంతో కాదండీ. జనంతో.’

ఆ శనివారం మధ్యాహ్నం అయ్యగారు అందరినీ చర్చికి రమ్మన్నారు. చెరువు పనుల నుంచి, పొలాల నుంచి తిన్నగా వచ్చారు. కొందరి కాళ్ళకి బురద ఇంకా ఆరలేదు. నేను పాటల్ని లైను లైనుగా విడగొట్టి, మీట నొక్కితే ఒక్క లైనే వచ్చేటట్టు పెట్టుకున్నాను. మీటకీ మీటకీ మధ్య ఎంతసేపు గడిచిందో కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. దాన్నిబట్టి ఖాళీలు అతికించాలి. పని చెప్పడానికి తేలిక. ఎప్పుడు నొక్కాలో నాకు తెలియదు, అదీ చిక్కు.

టీచరు గారు నా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మీట మీద ఉన్న నా చేతి మీద తన చూపుడువేలు ఆనించారు. నొక్కితే నేను నొక్కాలి. అంతకుముందు నొక్కకూడదు.

మొదటి రెండు పాటల్లో నా చెయ్యి మాటిమాటికీ తొందరపడింది. ముప్పై ఏళ్ళ అలవాటు. పాట ఆగగానే నా వేలు దానంతటది మీట నొక్కబోతుంది. ఆవిడ వేలు దాన్ని అక్కడే పట్టి ఉంచేది. మూడో పాట నుంచి నేను స్పీకరు వినడం మానేసి మనుషుల్ని వినడం మొదలుపెట్టాను. ఆవిడ చెప్పినవన్నీ కళ్ళ ముందు జరిగాయి. రాగం పైకి వెళ్ళే చోట మగవాళ్ళు వెనకబడ్డారు. ముసలమ్మలు చరణం మధ్యలో ఆగి అందుకున్నారు. మొన్న ఆదివారం నోళ్ళు మూసుకున్న మనుషులు వీళ్ళేనా అనిపించింది. స్పీకరులోంచి ఆవిడ ఒక లైను అందించడం, చర్చి దాన్ని తీసుకుని తిరిగి ఇవ్వడం. భర్త గుమ్మంలో నిలబడి పాడుతున్నారు. నా వైపు చూడలేదు గానీ పాడుతున్నారు.

ఆ రోజు కొలిచిన ఖాళీలతోనే ఆ పదకొండు పాటలూ ఇప్పటికీ ఆ చర్చిలో నడుస్తున్నాయి. టీచరు గారు ఆ తర్వాత రెండు క్రిస్మసులు చూసి వెళ్ళిపోయారు. పాతిపెట్టిన రోజున కూడా పాట ఆవిడే అందించారు.

పిల్లలూ, మీ కంప్యూటర్లలో ఇప్పుడు ఒక మీట నొక్కితే ఖాళీలన్నీ వాటంతటవే పోతాయట. మంచిదే. నొక్కే ముందు, ఎందుకు ఆగారని పాడినవాళ్ళని ఒక్కసారి అడగండి. అసలు రికార్డింగు మాత్రం ఎవరేమన్నా చెరపకండి. నేను ఇన్నేళ్ళలో బ్లాంకులనుకుని కోసిన వాటిలో ఎంతమంది వంతు పోయిందో నాకు తెలియదు. అడుగుదామన్నా పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

ఆ శనివారం పదకొండో పాట ఆఖరి చరణానికి వచ్చేసరికి పొద్దు వాలింది. చివరి నుంచి రెండో లైను. స్పీకరులో ఆవిడ అందించారు, చర్చి అందుకుంది, ముగించింది. అందరూ ఆఖరి లైను కోసం చూస్తున్నారు. నా వేలు మీట మీద సిద్ధంగా ఉంది. ఆవిడ వేలు కదలలేదు. నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ గడ్డంతో వెనక మూలకి చూపించారు.

అక్కడ ఒక ముసలాయన గోడకి ఆనుకుని కూర్చుని ఇంకా ఆ లైనే పాడుతున్నాడు. చెవులు సరిగా వినబడవు కాబట్టి, పక్కవాళ్ళ పెదాలు చూసుకుని మొదలుపెడతాడట. ఎప్పుడూ అందరికంటే వెనకే ఉంటాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆయన మెల్లగా ఆఖరి మాట దాకా వచ్చి, అక్కడ ఒకసారి ఊపిరి తీసుకుని, ఆ మాట కూడా పూర్తిచేశాడు.

అప్పుడు టీచరు గారు నా చేతి మీద నొక్కారు.